బంధువుల జేబు కూడా పెళ్లి లెక్కలోదే

మా అక్క కూతురి పెళ్లి ఫ్లోరిడాలో, వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో చేయాలని అనుకున్నప్పటి నుంచి మా ఇళ్లలో అందరూ ఒకే రకం లెక్కలు వేస్తున్నారు. వేదికకి ఎంత, ప్లేటుకి ఎంత, పూలకి ఎంత, ఫొటోలకి ఎంత. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కూర్చుని ఒక స్ప్రెడ్‌షీట్ తయారుచేశారు. చాలా శ్రద్ధగా చేశారు. ప్రతి వరసలో అంచనా, కట్టాల్సిన అడ్వాన్సు, గడువు తేదీ ఉన్నాయి. మొత్తం 45 వేల డాలర్లు దాటకూడదని అడుగున ఎర్ర రంగులో రాసుకున్నారు.

నేను ఆ షీటు చూసిన వారంలోనే న్యూజెర్సీ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. పిల్లల చదువులు, పెద్దమ్మ మోకాళ్లు అన్నీ అయ్యాక, "చెల్లీ, ఒక మాట. అక్కకి చెప్పకు. మేం రాకపోతే బాగుండదు కదా?" అన్నాడు. రావడం ఇష్టం లేక అడిగిన మాట కాదది. మా అక్క కూతుర్ని ఎత్తుకుని తిప్పినవాడు. నలుగురు రావడానికి ఎంత అవుతుందో అప్పటికే లెక్క వేసుకున్నాడు. మూడు వేల డాలర్ల పైమాటే. ఆ ఏడు ఆయన ఉద్యోగం మారాడు, పెద్దవాడి కాలేజీ ఫీజు మొదలైంది. అయినా రాలేనని చెప్పడానికి మొహమాటం. అక్కకి తెలిస్తే బాధపడుతుందని భయం.

ఆయన చెప్పిన ఆ మూడు వేలు షీటులో ఎక్కడా లేవు. ఉండాలని ఎవరికీ తోచలేదు.

నేను చెప్పదలచింది ఇదే. థీమ్ పార్క్ రిసార్ట్‌లో పెళ్లి చేసుకోవాలనుకునేవాళ్లు బడ్జెట్‌ని తమ ఖర్చుతో మొదలుపెట్టకూడదు. పిలిచినవాళ్లకి రావడానికి ఎంత అవుతుందో ముందు లెక్క కట్టాలి. ఆ అంకెని తమ పెళ్లి ఖర్చుగానే చూడాలి. దాన్ని తగ్గించడానికి తమ డబ్బులోంచి కొంత తీసి పెట్టాలి. అక్కడ పెళ్లే వద్దని నేను అనడం లేదు. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచి ఆ చోటంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు, ఆ పెళ్లి అక్కడే జరగాలని నాకూ ఉంది. అందుకే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

షీటులో లేని వరస

నలుగురున్న ఒక కుటుంబాన్ని తీసుకుందాం. ఇవి ఉదాహరణకి వేస్తున్న అంకెలే, ఊరిని బట్టి, తేదీని బట్టి అటూ ఇటూ అవుతాయి. విమానం టికెట్టు మనిషికి 280 డాలర్లు అనుకుంటే 1,120. గది రాత్రికి 260 చొప్పున మూడు రాత్రులకి 780. డిస్నీ వరల్డ్ ఉన్న ఆరెంజ్ కౌంటీలో హోటల్ గది మీద అమ్మకం పన్ను 6.5 శాతం, పర్యాటక పన్ను 6 శాతం, కలిపి 12.5 శాతం. దాంతో గది 877 దాకా వెళ్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి రానూపోనూ 120. పార్కులో ఒక్క రోజు తిరిగితే నలుగురికీ పన్నుతో కలిపి 700. పెళ్లి భోజనాలు పోగా మిగతా పూటల తిండికి 350. మొత్తం 3,170 దగ్గర తేలుతుంది. బట్టలు, కానుక ఇందులో లేవు.

ఇలాంటి కుటుంబాలు 22 వస్తాయనుకోండి. దాదాపు 70 వేల డాలర్లు. పెళ్లివాళ్లు పెడుతున్నది 45 వేలు. అంటే ఆ పెళ్లి అసలు ఖర్చు లక్షా పదిహేను వేలు. అందులో సగానికంటే ఎక్కువ అతిథుల జేబుల్లోంచే వస్తోంది. పూలవాళ్లతో ఆరు వందల డాలర్ల కోసం రోజుల తరబడి బేరమాడతాం. ఈ 70 వేల గురించి ఒక్క పూట కూడా కూర్చుని మాట్లాడుకోం.

ఈ వరస కనబడకపోవడానికి ఇంకో కారణం ఉంది. పదేళ్ల కిందట అక్కడ పెళ్లి చేసినవాళ్ల అనుభవాలు విని చాలామంది అంచనా వేసుకుంటారు. అప్పటి పద్ధతులు ఇప్పుడు లేవు. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లకి ఓర్లాండో ఎయిర్‌పోర్టు నుంచి ఉచిత బస్సు ఉండేది. 2005లో మొదలైన ఆ బస్సు 2021 చివరితో ఆగిపోయింది. రైడ్ల దగ్గర పెద్ద వరసలు తప్పించే ఫాస్ట్‌పాస్ ఉచితంగా వచ్చేది. 2021 అక్టోబరులో దాని స్థానంలో డబ్బు కట్టే జీనీ ప్లస్ వచ్చింది. 2024 జులై నుంచి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అంటున్నారు. పేరు మారినా డబ్బు కట్టడం మారలేదు. పార్కు టికెట్టు ధర కూడా 2018 అక్టోబరు నుంచి తేదీని బట్టి మారుతోంది. న్యాయానికి ఒకటి ఎదురుగా కూడా చెప్పాలి. హోటల్లో దిగినవాళ్ల కార్లకి 2018లో పెట్టిన రాత్రి పార్కింగ్ రుసుము 2023 జనవరిలో ఎత్తేశారు. అట్లాంటా నుంచి కారులో వచ్చే మా వాళ్లకి అది మేలే.

పిల్లలతో వచ్చేవాళ్ల మాట

పెళ్లికి రావడానికి పార్కు టికెట్టు కొనక్కర్లేదు కదా అని మా బావగారు అన్నారు. మాట నిజమే. గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటల్ పక్కన, సెవెన్ సీస్ లగూన్ అనే సరస్సు మీద ఉన్న పెళ్లి మంటపం పార్కు గేటుకి బయటే ఉంటుంది. డిస్నీ ఈ పెళ్లిళ్ల వ్యాపారం 1991లో మొదలుపెట్టి, 1995లో ఆ మంటపం కట్టింది. బోర్డ్‌వాక్ హోటల్ దగ్గరి సీ బ్రీజ్ పాయింట్‌కి కూడా టికెట్టు అవసరం లేదు.

కానీ ఆ మంటపంలో వధూవరుల వెనకాల పెద్ద కిటికీ ఉంటుంది. ఆ కిటికీలోంచి నీటికి అవతల సిండరెల్లా కోట కనబడుతుంది. ఆ మంటపాన్ని అక్కడ కట్టిందే ఆ కోట కనబడాలని. ఆరేళ్ల పిల్లని విమానం ఎక్కించి అక్కడిదాకా తీసుకొచ్చి, పెళ్లంతా ఆ కోటని చూపించి, మనం లోపలికి వెళ్లడం లేదమ్మా అని ఏ తల్లి చెప్తుంది? చెప్పగలిగే తల్లి ఉన్నా, పక్కనే వేలు విడిచిన అక్కలూ అన్నలూ అందరూ మర్నాడు పార్కుకి వెళ్తుంటే ఆ పిల్లని హోటల్ గదిలో ఎలా కూర్చోబెడుతుంది? టికెట్టు తప్పనిసరి కాదన్న మాట కాగితం మీద నిజం. పిల్లలున్న ఇంటికి అది నిజం కాదు. మూడేళ్ల లోపు పిల్లలకి టికెట్టు లేదు, తొమ్మిదేళ్లు దాటితే పెద్దవాళ్ల టికెట్టే.

థీమ్ పార్క్ రిసార్ట్‌కీ మిగతా డెస్టినేషన్ పెళ్లిళ్లకీ తేడా ఇదే అని నేను అనుకుంటాను. సముద్రం ఒడ్డున పెళ్లి అయితే ఇసుకలో ఆడుకోవడానికి పిల్లలు టికెట్టు కొనక్కర్లేదు. ఇక్కడ ప్రతి సరదాకీ గేటు ఉంది.

"ఎలాగూ వెకేషన్ కదా"

ఇది చాలామంది చెప్పే మాట, తోసిపారేసేది కూడా కాదు. మా చిన్నాన్న కొడుకు కుటుంబం ఎన్నాళ్ల నుంచో డిస్నీ వెళ్లాలనుకుంటున్నారు. ఈ పెళ్లి వాళ్లకి నిజంగా కలిసొచ్చింది. వారం రోజులు ఉంటామంటున్నారు, ఆనందంగా ఉన్నారు. అలాంటి ఇళ్లు మా జాబితాలో ఇంకా ఉన్నాయి.

అయితే వెకేషన్ అంటే తేదీ మనం ఎంచుకుంటాం, హోటల్ మనం ఎంచుకుంటాం, ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడుకి వాయిదా వేసుకుంటాం. పెళ్లికి ఆ మూడూ లేవు. పైగా ముందే ఆ పార్కు చూసొచ్చినవాళ్లు ఉంటారు. పోయిన ఏడాదే పిల్లల్ని తీసుకెళ్లి అయిదు వేలు ఖర్చుపెట్టొచ్చినవాళ్లకి ఇది రెండో వెకేషన్ కాదు, రెండో బిల్లు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన వాదన పెళ్లికూతురు చేసింది. "పిన్నీ, ఇదే పెళ్లి హైదరాబాద్‌లో చేస్తే ఇక్కడున్నవాళ్లు మనిషికి పదిహేను వందల డాలర్లు పెట్టి టికెట్టు కొనుక్కుని రావాలి. అప్పుడు ఎవరూ ఇలా అడగరు. నేను ఎక్కడ చేసుకున్నా ఎవరో ఒకరు ప్రయాణం చేయాల్సిందే కదా. ఓర్లాండో అనేసరికే ఎందుకు తప్పయింది?"

ఆ మాటలో న్యాయం ఉంది. అమెరికాలో మన బంధువులు అన్ని మూలలా ఉన్నారు, అందరికీ దగ్గరగా ఉండే ఊరు లేదు. అయినా ఒక తేడా ఉంది. హైదరాబాద్ వెళ్లినవాళ్లు పెళ్లి ఒక్కదాని కోసం వెళ్లరు. తల్లిదండ్రుల్ని చూస్తారు, వాళ్ల ఇంట్లోనే ఉంటారు, ఒక్క టికెట్టు మీద పది పనులు చక్కబెట్టుకుంటారు. డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో పెళ్లి అయితే సగం మంది బంధువుల ఇళ్లలో సర్దుకుంటారు. హాల్లో పరుపులేసి పిల్లల్ని పడుకోబెడతారు. రిసార్ట్‌లో ప్రతి కుటుంబానికీ ఒక గది, ప్రతి గదికీ ఒక బిల్లు. ఇక ఆ పిల్ల అడిగినదాన్ని బట్టి చూసినా, హైదరాబాద్ పెళ్లిలోనూ వచ్చేవాళ్ల ఖర్చు లెక్క కట్టాలనే తేలుతుంది గానీ ఇక్కడ కట్టక్కర్లేదని తేలదు.

ఎవరు తగ్గుతారు

దూరపు చోట పెళ్లి పెట్టుకుంటే జనం తగ్గుతారు, అదొక లాభం అని అందరూ బాహాటంగానే చెప్పుకుంటారు. మూడు వందల మందిని పిలవాల్సిన చోట ఎనభై మందితో సరిపోతుంది. పిలవలేదన్న నిష్ఠూరం ఉండదు, పిలిచాం, వాళ్లు రాలేకపోయారు అంతే. జనం తక్కువైతే ఆప్యాయత ఎక్కువ ఉంటుందన్న మాట కూడా నేను ఒప్పుకుంటాను. మూడు వందల మంది పెళ్లిలో పెళ్లికూతురు ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేకపోతుంది.

కానీ ఆ తగ్గేవాళ్లు ఎవరో చూడండి. దగ్గరితనాన్ని బట్టి తగ్గరు, డబ్బుని బట్టి తగ్గుతారు. పరిచయం అంతంతమాత్రంగా ఉన్న మా బావగారి స్నేహితుడు, భార్యాభర్తలిద్దరూ పెద్ద జీతాలవాళ్లు, మొదటి వారంలోనే వస్తున్నామని చెప్పేశారు. ఎత్తుకుని పెంచిన అన్నయ్య తటపటాయిస్తున్నాడు. వీసా మీద ఒక్క జీతంతో నెట్టుకొస్తున్న ఇళ్లు, పదవీ విరమణ చేసి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దలు, చంటిపిల్లలున్నవాళ్లు, వీళ్లే ముందు జారిపోతారు. జాబితా కుదించాలంటే మనమే కూర్చుని, ఎవరు కావాలో తేల్చుకుని కుదించాలి. ఆ కష్టమైన పనిని టికెట్టు ధరలకి వదిలేస్తే వచ్చే ఎనభై మంది మనం కోరుకున్న ఎనభై మంది అవరు.

చౌక తేదీ ఎందుకు చౌక

అతిథుల ఖర్చు తగ్గించడానికి పెళ్లివాళ్ల చేతిలో ఉన్న అతి పెద్ద ఆయుధం తేదీ. విమానం, గది, పార్కు టికెట్టు మూడూ దాన్ని బట్టే మారతాయి. క్రిస్మస్ వారం, మార్చి ఏప్రిల్ నెలల్లో స్ప్రింగ్ బ్రేక్, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవు, జనవరి మొదట్లో డిస్నీ పెట్టే మారథాన్ పరుగుల వారాంతం, ఇవన్నీ ఖరీదైన రోజులు. మొదట అనుకున్నది స్ప్రింగ్ బ్రేక్‌లో ఒక శనివారం. పిల్లలకి సెలవులు కదా అని.

చౌక రోజులకి మాత్రం ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో ధరలు దిగుతాయి. అప్పుడు బడులు తెరుస్తారు, ఎండ మండిపోతుంది, మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములతో వాన. పైగా హరికేన్ల కాలం. అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఆ కాలం, ఉధృతంగా ఉండేది సెప్టెంబరు చుట్టుపక్కలే. 2017 సెప్టెంబరులో ఇర్మా, 2022 సెప్టెంబరు చివర ఇయాన్, 2024 అక్టోబరులో మిల్టన్ వచ్చినప్పుడు పార్కులు మూసేశారు. పెళ్లి ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. తుఫానుకి పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుఫానుకి పనికిరాదు, ముందే కొనాలి. అంతకంటే ముఖ్యం, మనం కొన్న పాలసీ మనం పోగొట్టుకున్న అడ్వాన్సులకే. అన్నయ్య విమానం టికెట్లకి అది వర్తించదు. సెప్టెంబరులో పెళ్లి పెట్టుకుంటే ధర తగ్గించామని చెప్పి ప్రమాదాన్ని అతిథుల మీదకి నెట్టినట్టే.

చట్టం వైపు నుంచి మాత్రం ఇబ్బంది లేదు. ఫ్లోరిడా వాసులకి పెళ్లి లైసెన్సు తీసుకున్నాక మూడు రోజుల నిరీక్షణ ఉంది, పెళ్లికి ముందు చేసే ప్రీమారిటల్ కోర్సు చేస్తే అదీ ఉండదు. బయటి రాష్ట్రాలవాళ్లకి అసలే లేదు. లైసెన్సు 60 రోజులు చెల్లుతుంది.

చివరికి ఫిబ్రవరి మొదటి వారం మీద రాజీ పడ్డారు. ప్రెసిడెంట్స్ డే రద్దీకి ముందు, తుఫానుల భయం లేని రోజులు, మాఘమాసం ముహూర్తం కూడా కుదిరింది. పిల్లలు ఒకటి రెండు రోజులు బడి మానాలి. దానికి కోప్పడిన తల్లులు ఉన్నారు, వాళ్ల కోపం న్యాయమే. అందరికీ సరిపడే తేదీ లేదు. ఏ బరువు ఎవరి మీద పడుతుందో తెలిసి ఎంచుకున్నారు కదా అన్నదే నాకు తృప్తి.

కనీస ఖర్చు అనే మెలిక

ఇలాంటి రిసార్ట్ ఒప్పందాల్లో చోటుని బట్టి, వారాన్ని బట్టి, వేళని బట్టి కనీసం ఇంత ఖర్చుపెట్టాలన్న షరతు ఉంటుంది. చాలామంది దాన్ని ధర అనుకుంటారు. అది ధర కాదు, అంతకంటే తగ్గడానికి వీల్లేని హద్దు. సాధారణంగా సర్వీస్ చార్జీ, పన్ను ఆ కనీసంలో కలవవు. పైన పడతాయి. 100 డాలర్ల భోజనం ఉందనుకోండి. సర్వీస్ చార్జీ 24 శాతం అనుకుంటే 124. దాని మొత్తం మీద 6.5 శాతం పన్ను వేస్తే 132. ఎనభై మందికి ఆ తేడా ఒక్కటే 2,560 డాలర్లు.

ఈ కనీసం లెక్కలో ఒక విచిత్రం జరుగుతుంది. వస్తామన్నవాళ్లలో పదిహేను మంది తగ్గారనుకోండి, కనీసం మాత్రం తగ్గదు. ఆ లోటు పూడ్చడానికి పెళ్లివాళ్లు అవసరం లేనివి కొంటారు. ఇంకో రకం కేకు, మిక్కీ మౌస్ లాంటి బొమ్మ పాత్రల వేషాల్లో మనుషులు వచ్చి ఫొటో దిగే అరగంట, గుర్రాలు పూన్చిన అద్దాల బండి. నా పట్టుదల ఇక్కడే. ఎలాగూ ఖర్చుపెట్టి తీరాల్సిన డబ్బయితే అది అతిథులకి ఒక పూట తిండి ఖర్చు తప్పించే చోట పెట్టాలి. పొద్దున టిఫిన్, రాత్రి ఇంకో భోజనం. ఏయే ఖర్చులు కనీసంలో కలుస్తాయో, ఏవి కలవవో సంతకానికి ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. అగ్నిహోత్రానికి అనుమతి సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి, హోటళ్లలో నిప్పు విషయం ఆఖరి వారంలో అడిగేది కాదు.

అతిథుల కోసం ముందే పట్టిపెట్టే గదుల బ్లాక్ దగ్గర ఇంకో మెలిక. ఇన్ని గదులు నింపుతామని ఒప్పుకుంటే, నిండని గదులకి మనం కట్టుకోవాలి. అప్పుడు ఏమవుతుందంటే, తెలియకుండానే మనం బంధువుల మీద ఒత్తిడి పెడతాం. దగ్గర్లోని కిసిమీలో ఆరు పడకగదుల ఇళ్లు అద్దెకి దొరుకుతాయి. మూడు కుటుంబాలు కలిసి తీసుకుంటే సగం డబ్బు మిగులుతుంది, వంటిల్లు కూడా ఉంటుంది. మా వాళ్లలో ఒకరు ఆ మాట ఎత్తగానే, "అందరూ అక్కడికి పోతే మన బ్లాక్ ఎలా నిండుతుంది?" అన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న అడిగిన క్షణం నుంచి మన బాధ్యత వాళ్ల భుజాల మీదకి మారినట్టే. నింపకపోయినా జరిమానా లేని బ్లాక్ అడగాలి. అది దొరకకపోతే తక్కువ గదులకే ఒప్పుకోవాలి.

చౌక గదికీ పెళ్లి చోటుకీ మధ్య దారి కూడా చూసుకోవాలి. పాప్ సెంచురీ లాంటి తక్కువ ధర హోటల్లో దిగినవాళ్లు 2019 సెప్టెంబరులో మొదలైన, తీగ మీద వేలాడుతూ వెళ్లే పెట్టెల స్కైలైనర్ ఎక్కి, మధ్యలో ఒకసారి మారి, ఎప్‌కాట్ పార్కు వెనక గేటు దాకా ఉచితంగా రావచ్చు. ఆ స్టేషన్ గేటుకి బయటే ఉంటుంది కాబట్టి టికెట్టు అక్కర్లేదు. అక్కడి నుంచి బోర్డ్‌వాక్ నడిచేంత దూరమే. సీ బ్రీజ్ పాయింట్ వైపు మా వాళ్లు మొగ్గడానికి ఇదొక కారణం. పట్టుచీరల్లో ఏసీ లేని ఆ పెట్టెల్లో ఎలా అంటే, ఫిబ్రవరి పొద్దున పూట ఇబ్బంది ఉండదు. మెరుపులు వస్తే అవి ఆగిపోతాయి, అందుకని పెళ్లి వేళకి మాత్రం ఒక బస్సు మాట్లాడుకున్నారు.

విడిది

మా మేనత్త అట్లాంటాలో కొడుకు దగ్గర ఉంటుంది. ఆవిడ గదికి తనే కడతానని అక్క ఫోన్లో చెప్పింది. మంచి మనసుతోనే. అత్తయ్య గొంతు మారిపోయింది. "నేను పెళ్లికి వస్తున్నానా, మీ దయ మీద వస్తున్నానా?" అని పెట్టేసింది. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

నా వాదనకి ఇది గట్టి ఎదురుదెబ్బ. అతిథుల ఖర్చు మనం చూసుకోవాలనుకోవడంలో, వాళ్లకి లేదు అని మనం అనుకుంటున్నట్టు వాళ్లకి వినబడే ప్రమాదం ఉంది. ఒక్కొక్కరినీ పిలిచి మీకెంత కావాలని అడగడం కంటే పెద్ద అవమానం లేదు. ఎవరికి అవసరం ఉందో మనం తీర్పు చెప్పడం కూడా తప్పే. దీని గురించి చాలా ఆలోచించాను. ఇవ్వడం మానుకోవడం జవాబు కాదు. ఇచ్చేది అందరికీ ఒకేలా ఉండాలి, పెళ్లి ఏర్పాటులో భాగంగా ఉండాలి. మన పెళ్లిళ్లలో విడిది ఇవ్వడం ఎప్పుడూ పెళ్లివారి పనే. విడిదిలో దిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

అలాగే చేశారు. అరవై అయిదు దాటిన పెద్దలందరికీ, రెండు వైపులవాళ్లకీ, పెళ్లి చోటుకి నడిచేంత దగ్గరలో గదులు పెళ్లివాళ్లే తీసుకున్నారు. డాక్టరు మామయ్యకీ అదే, అత్తయ్యకీ అదే. ఎయిర్‌పోర్టు నుంచి బస్సులు అందరికీ. దిగిన రాత్రి భోజనం, పెళ్లినాడు పొద్దున టిఫిన్ అందరికీ. పెళ్లి రెండు రోజుల్లో ముగించేసి, సంగీత్‌ని మొదటి రాత్రి భోజనంతో కలిపేశారు, ఒక రాత్రి గది ఖర్చు తగ్గింది. అద్దాల బండి, బొమ్మ పాత్రల వేషాలవాళ్లు, బాణసంచా చూస్తూ తినే డెజర్ట్ పార్టీ తీసేశారు. బండి తీసేసినప్పుడు పెళ్లికూతురు కాసేపు మాట్లాడలేదు. ఆ కోరిక చిన్నదని నేను అనను. అది వదులుకున్నందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం పెరిగింది.

అత్తయ్య వస్తోంది. పెద్దల గదుల జాబితాలో తన పేరు చూసుకుని, పక్కగది ఎవరిదని అడిగిందట.

అన్నయ్య విషయం ఇంకా తేలలేదు. మూడు వేలు రెండు వేల రెండు వందలకి దిగాయి గానీ, గదీ, పార్కూ ఆయన ఖర్చే కాబట్టి పూర్తిగా పోలేదు. రాలేకపోతే ఏమీ అనుకోమని అక్క తనంతట తానే ఫోన్ చేసి చెప్పింది. వేసవిలో న్యూజెర్సీలో కొత్త జంటని తీసుకొచ్చి ఆ ఇంట్లోనే ఒక పూట భోజనం చేస్తామంది. ఆ ఫోన్ చేయడానికి డబ్బు అవసరం లేదు, కానీ రాలేనన్న మాట ముందు మనమే తేలిక చేసి పెట్టాలి. వాళ్లు నోరు తెరిచి అడగరు.

ఇప్పుడు మా ఇంట్లో మిగిలిన గొడవ ఒక్కటే. శుభలేఖ కంటే ముందు పంపే మొదటి సందేశంలోనే ఖర్చు రాయాలని నేను అంటున్నాను. నలుగురికి ఉజ్జాయింపుగా ఎంత అవుతుంది, అందులో మేం ఏవేవి పెట్టుకుంటున్నాం, చౌకగా దిగాలంటే ఎక్కడ దిగాలి, పార్కుకి వెళ్లే రోజు ఏది, పార్కుకి రానివాళ్ల కోసం ఆ రోజు ఏం ఏర్పాటు చేస్తున్నాం. బావగారు ఒప్పుకోవడం లేదు. పెళ్లి పిలుపులో డాలర్ల లెక్క రాస్తే అది పిలిచినట్టా, రావద్దన్నట్టా అని అడుగుతున్నారు. ఎనిమిది నెలల ముందు ఆ లెక్క చేతికి వస్తే టికెట్లు ధర తగ్గినప్పుడు కొనుక్కుంటారు, కుదరనివాళ్లు ఇప్పుడే చెప్తారు, మనం రిసార్ట్‌కి చెప్పే మనుషుల సంఖ్య సరిగ్గా ఉంటుంది. ఆ కాగితం రెండో పేజీలో వేద్దామని మా అక్క రాజీ చెప్పింది. నేను ఇంకా మొదటి పేజీలోనే ఉండాలంటున్నాను.